స్పర్శ తెలిసినా వేడి తెలియని చేయి

రాగిముద్ద వండని ఇల్లు మా హిందూపురం ప్రాంతంలో అరుదు. పొయ్యి మీదినుండి దింపిన సంగటిని తెడ్డుతో కెలికి, చన్నీళ్ళలో చేయి తడుపుకొని, ఆవిరి ఆరకముందే గుండ్రని ముద్దలుగా చేయవలసి ఉంటుంది. చల్లారితే ముద్ద కట్టదు. ఎంత అలవాటున్న ఇల్లాలైనా ఈ పనిలో ఒకటి రెండు సార్లు ‘అబ్బా’ అనక తప్పదు. మా అక్క మాత్రం చేయి తడుపుకోకుండానే, పక్కవారితో మాట్లాడుతూనే, ఆరేడు ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టేది. “మా కోడలి చేయి ఉడుకుకు జంకదు” అని ఆమె అత్తగారు వచ్చినవారందరికీ గొప్పగా చెప్పుకొనేవారు.

మా బావగారికి హిందూపురంలో పట్టుదారం తీసే చిన్న కార్ఖానా ఉన్నది. పట్టుగూళ్ళను ఉడుకు నీళ్ళలో వేస్తే వాటి జిగురు కరుగుతుంది. అప్పుడు ఒక్కొక్క గూటి దారపు కొసను వేళ్ళతో వెదికి పట్టుకొని చరఖాకు అందించాలి. ఆ పనిచేసే స్త్రీలు పక్కనే ఒక చన్నీళ్ళ గిన్నె పెట్టుకొని, మాటిమాటికీ వేళ్ళను అందులో ముంచుకుంటూ ఉంటారు. పనివారు రాని రోజున మా అక్క ఆ తొట్టి వద్ద కూర్చునేది. ఆమెకు చన్నీళ్ళ గిన్నె అవసరమయ్యేది కాదు. చేతి వాటమనీ, ఓర్పు అనీ మేమందరం మెచ్చుకున్నాము.

అది ఓర్పు కాదు, వ్యాధి. ఆ సంగతి గ్రహించడానికి మాకు రెండు సంవత్సరాలకు పైగా పట్టింది. ఆలస్యం చేసిన వారిలో మొదటివాడను నేను. పెనుకొండలో ముప్పై ఏండ్లకు పైగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడను. వైద్యులు తాము నయం చేసిన రోగాలను గురించి వ్రాయడం పరిపాటి. నేను నా పొరపాటును గురించి వ్రాస్తున్నాను. పాఠకుల ఇండ్లలో ఎక్కడైనా ఇటువంటి చేయి ఉంటే, మా అక్కకంటె ముందుగా దానికి సరైన దారి దొరకాలన్నదే నా కోరిక.

2009వ సంవత్సరంలో అక్కకు ముప్పైతొమ్మిదేండ్లు. ఆ యేడు దోసెపెనం అంచు తగిలి ఆమె కుడిచేతి బొటనవ్రేలు కాలింది. కాలిన సంగతి ఆమెకు వాసన వల్ల తెలిసింది. తరువాత అదే చేతి చూపుడువ్రేలికి గోరుచుట్టు లేచింది. గోరుచుట్టు వచ్చినవారు రాత్రంతా నిద్రలేక ఏడుస్తారు కదా! అక్క ఆ వ్రేలితోనే అంట్లు తోమింది. “నొప్పి లేదురా తమ్ముడా, చీము మాత్రం కారుతాంది” అన్నది. ఆ మాట వినగానే నాలోని వైద్యుడు లేచి కూర్చోవలసింది. లేవలేదు. పసుపు, వేపాకు నూరి కట్టు కట్టి పంపాను.

మరుసటి సంవత్సరానికి బొటనవ్రేలి క్రింది కండ పలుచబడింది. రవికె హుక్కులు పెట్టుకోవడం కష్టమయింది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు తల వెనుక భాగంలో, మెడ మొదట్లో ఎవరో గుద్దినట్లు నొప్పి వచ్చి నిమిషంలో తగ్గిపోయేది. భుజాల మీద మంట. నేను వీటిని మన్యాస్తంభం, అవబాహుకం అని విడివిడిగా పేర్లు పెట్టుకొని, తైలాలూ కషాయాలూ ఇచ్చాను. పేర్లు శాస్త్రంలో ఉన్నవే. వాటిని కలిపి చూడకపోవడమే నా తప్పు.

ఇంతలో వీధిలో ఒక మాట పుట్టింది. కాలినా తెలియదు, వ్రేళ్ళు వంకర పోతున్నాయి, మానని పుండ్లు ఉన్నాయి, ఇంకేమి అని. ధర్మవరం వైపు నుండి వచ్చిన ఒక మంచి సంబంధం, పెండ్లిచూపులు పూర్తయిన తరువాత కారణం చెప్పకుండా వెనక్కు పోయింది. మా మేనకోడలికి అప్పుడు ఇరవై యేండ్లు. అత్తగారు ఏమీ అనకుండా అక్క పళ్ళెం, లోటా వేరే గూటిలో పెట్టారు. ఒకనాడు బావగారు నన్ను పెరట్లోకి పిలిచి, “బావా, నువ్వు వైద్యుడివి. నాకు నిజం చెప్పు. అదేనా?” అని అడిగారు. ‘అయి ఉండవచ్చును’ అన్నాను. చరక సంహితలో కుష్ఠానికి పూర్వరూపాలు చెప్పినచోట స్పర్శ తెలియకపోవడం కూడా ఒకటి. అది నా మనస్సులో ఉన్నది. పరీక్ష చేయకుండా ఆ ఒక్క మాట అన్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పి ముందుకు సాగుతాను. అది నిజంగా కుష్ఠమే అయినా పళ్ళెం వేరు చేయవలసిన పనిలేదు. కుష్ఠం సూక్ష్మక్రిమి వల్ల వచ్చేదని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. దానికి పూర్తిగా నయమయ్యే మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి. మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే ఇతరులకు అంటే భయం పోతుంది. వేరు చేయవలసినది భయాన్ని మాత్రమే.

2011 పుష్యమాసపు చలిలో అక్కకు భుజాల నొప్పి ఎక్కువయింది. పెనుకొండకు పిలిపించి, మహానారాయణ తైలంతో అభ్యంగనం చేయించి, నాడీస్వేదం పెట్టించాను. అనగా ఔషధాల ఆవిరిని గొట్టం ద్వారా నొప్పి ఉన్నచోట పట్టించడం. మధ్యలో రెండు సార్లు “వేడి ఎక్కువయిందా అక్కా?” అని అడిగాను. “లేదు నాయనా, హాయిగానే ఉంది” అన్నది. సాయంకాలానికి కుడి భుజం మీద, వెనుక భాగాన, అరచేయి వెడల్పున బొబ్బలు లేచాయి. నా చేతి క్రింద, నేను అడుగుతూ ఉండగా, మా అక్క ఒళ్ళు ఉడికిపోయింది. ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ బొబ్బలకు మెత్తని గుడ్డ కప్పుతున్నప్పుడు ఆమె అన్న మాటే నా కండ్లు తెరిపించింది. “గుడ్డ అంచు గుచ్చుకుంటాంది, కొంచెం పైకి లాగరా” అన్నది. వేడి ఆవిరి తెలియని చర్మానికి గుడ్డ అంచు తెలుస్తున్నది! కండ్లు మూసుకొమ్మని చెప్పి, దూదిని తేలికగా తగిలించి చూశాను. తగిలించిన ప్రతిసారీ ‘ఊఁ’ అన్నది. సూదిమొన తగిలించాను. అదీ దూది వలెనే తోచింది ఆమెకు. చన్నీళ్ళ లోటా, గోరువెచ్చని నీళ్ళ లోటా భుజానికి ఆనించాను. రెండూ ఒకటేనన్నది. కుష్ఠంలో మొద్దుబారిన చోట, వ్యాధి ముదిరిన తరువాత, స్పర్శ, నొప్పి, వేడి అన్నీ కలిసి పోతాయి. ఇక్కడ ఒకటి నిలిచి, రెండు పోయాయి. ఇది చర్మంలో పుట్టిన వ్యాధి కాదని నాకు అప్పుడు తోచింది.

మరునాడే ఆమెను ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకొని పోయాను. అక్కడ ఒక యువ వైద్యుడు మోచేతి వెనుక నరాన్ని వ్రేళ్ళతో తడిమి చూశాడు. కుష్ఠంలో అది త్రాడువలె లావెక్కుతుంది. అక్కకు లావెక్కలేదు. ఒంటిమీద పాలిపోయిన మచ్చలు లేవు. చర్మపు ద్రవాన్ని తీసి పరీక్షిస్తే క్రిములు కనిపించలేదు. తరువాత మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టితే కాళ్ళు ఎగిరిపడ్డాయి. చేతులలో ఆ కదలిక లేనే లేదు. ఆయన నావైపు తిరిగి, “వైద్యులుగారూ, ఇది వెన్నుపాములో ఉన్నట్లుంది. బెంగుళూరుకు తీసుకొని వెళ్ళండి” అన్నాడు. నేను వయస్సులో ఆయనకంటె పెద్దవాడను. ఆయనకు నమస్కరించి వచ్చాను.

వెన్నుపాములో పిల్లనగ్రోవి

బెంగుళూరులో తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రంలో వెన్నుపాము మధ్యగా, మెడ నుండి వీపు పైభాగం వరకు, నీరు నిండిన ఒక పొడవైన గుల్ల కనిపించింది. దీనిని సిరింగోమైలియా అంటారు. గ్రీకు భాషలో ‘సిరింక్స్’ అనగా రెల్లుతో చేసిన పిల్లనగ్రోవి. 1827లో ఒలివియే అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పేరు పెట్టాడు. లోపల బోలుగా ఉండవలసినది వేణువు. వెన్నుపాము అట్లా బోలు కారాదు.

మన శరీరంలో వేడి, నొప్పి తెలిపే వార్తలు ఒక దారిన, మెత్తని స్పర్శ తెలిపే వార్తలు మరొక దారిన మెదడుకు పోతాయి. వేడి, నొప్పి వార్తలను మోసే తంతువులు వెన్నుపాములో ప్రవేశించిన చోటనే, దాని నడిమధ్యగా, ఒక ప్రక్క నుండి రెండవ ప్రక్కకు దాటుతాయి. స్పర్శను మోసేవి దాటకుండా వెనుక భాగంగానే పైకి పోతాయి. గుల్ల పుట్టేది సరిగ్గా మధ్యలో. అందువలన మొదట తెగిపోయేది వేడి, నొప్పుల దారి. గుల్ల పెరిగేకొద్దీ చేతి కండరాలను నడిపే కణాలు నలిగి చేయి ఎండిపోతుంది. ఇంకా పెరిగితే కాళ్ళు బిగుసుకొని నడక తడబడుతుంది. మల మూత్రాల మీద పట్టు తప్పవచ్చును. భుజాలమీద కండువా కప్పుకుంటే ఎంత మేర కప్పుతుందో, అంత మేర వేడి తెలియకపోవడం ఈ వ్యాధి యొక్క ముఖ్య చిహ్నం.

గుల్ల ఎందుకు పుడుతుంది? కారణాలు పలు విధాలు. అన్నిటికంటె తరచుగా కనిపించేది, తల వెనుక ఉండే చిన్నమెదడు క్రింది కొసలు పుర్రె అడుగున ఉన్న రంధ్రం గుండా మెడలోకి జారి ఉండడం. 1891లో ప్రేగ్ నగరంలో హాన్స్ కియారీ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినందున దీనిని కియారీ లోపం అంటారు. మెదడుకూ వెన్నుకూ మధ్య స్వచ్ఛమైన ద్రవం నిరంతరం అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. తూములో గుడ్డపీలిక ఇరుక్కుంటే నీరు ఎట్లా ఎగదన్నుతుందో, జారిన చిన్నమెదడు అడ్డుపడి ద్రవం అట్లే ఒత్తిడికి లోనవుతుంది. కాలక్రమాన అది వెన్నుపాము లోపల చేరుతుంది. దగ్గినప్పుడు తల వెనుక నొప్పి రావడానికీ ఆ ఒత్తిడే కారణం. చాలామందికి ఈ లోపం పుట్టుకతో వచ్చినదే అయినా, బాధలు తెలిసేది ఇరవై, నలభై యేండ్ల మధ్యలో. వెన్నెముకకు పెద్ద దెబ్బ తగిలిన కొన్ని సంవత్సరాలకు, క్షయ వల్ల వచ్చిన మెదడువాపు తరువాత, వెన్నులోని గడ్డల వల్ల కూడా గుల్ల ఏర్పడవచ్చును. పిల్లలలో కొన్నిసార్లు వెన్నెముక ప్రక్కకు వంకరపోవడమే మొదటి గుర్తు అవుతుంది.

ఇది అరుదైన వ్యాధి. పాశ్చాత్య దేశాలలో వేసిన పాత అంచనా లక్షమందిలో ఎనిమిది, తొమ్మిది మంది. అరుదు కావడమే దీని ప్రమాదం. ఎదురుగా కూర్చున్న వైద్యుని ఆలోచన మొదట మరేదో వ్యాధివైపు పోతుంది. మా జిల్లాలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇక్కడి బోరునీళ్ళలో అనేక చోట్ల ఫ్లోరిన్ ఎక్కువ. దాని వల్ల వెన్ను బిగుసుకొని వంగిపోయినవారు పల్లెల్లో కనిపిస్తూనే ఉంటారు. ముదిరితే ఆ ఎముకలే వెన్నుపామును నొక్కుతాయి కూడా. కనుక మెడనొప్పి, చేతి తిమ్మిరి అనగానే ‘నీళ్ళ దోషం’ అని సరిపెట్టుకోవడం మాకు అలవాటయింది.

ఈ వ్యాధిని కుష్ఠమని పొరబడడం మా ఇంట్లో మొదలయినది కాదు. ఫ్రాన్సు దేశపు పడమటి కొసన బ్రిటనీ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ లనిలిస్ అనే చిన్న ఊరిలో వైద్యం చేసే మోర్వాన్ 1883లో ఒక వింతను ప్రకటించాడు. తన వద్దకు వచ్చే కొందరు పల్లెజనానికి వ్రేళ్ళకు వరుసగా గోరుచుట్లు లేస్తున్నాయి, కోసినా నొప్పి లేదు, చేతులు బలహీనపడుతున్నాయి అని. అదొక క్రొత్త వ్యాధి అని ఆయన అనుకున్నాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో కుష్ఠరోగులను చూసి పేరు పొందిన జంబాకో పాషా అనే వైద్యుడు, అదంతా బ్రిటనీలో మిగిలిపోయిన కుష్ఠమేనని గట్టిగా వాదించాడు. ఏండ్ల తరబడి వైద్యలోకం తర్కించుకున్నది. చివరకు మోర్వాన్ వర్ణించిన స్థితిలో ఎక్కువ భాగం సిరింగోమైలియాయేనని స్థిరపడింది. నేను ఈ కథ చదివినప్పుడు, నొప్పిలేని గోరుచుట్టుతో అంట్లు తోమిన మా అక్కే కండ్ల ముందు నిలిచింది. మోర్వాన్ తన రోగులు చెప్పిన మాట విన్నాడు. నేను విని కూడా కట్టు కట్టి పంపాను.

ధనికులకూ, బలిష్ఠులకూ ఇది రాదనుకోనక్కరలేదు. 1930లో ఒకే సంవత్సరం నాలుగు పెద్ద పోటీలు గెలిచి ప్రపంచ ప్రసిద్ధుడైన అమెరికా గోల్ఫ్ క్రీడాకారుడు బాబీ జోన్స్‌కు ఈ వ్యాధే వచ్చింది. 1948 తరువాత ఆయన మళ్ళీ ఆడలేకపోయాడు. చక్రాల కుర్చీకి పరిమితమై 1971లో మరణించాడు. ఆనాడు ఎం.ఆర్.ఐ. లేదు. 1980ల తరువాతనే వెన్నుపాము లోపలి గుల్లను కత్తి పెట్టకుండా కంటితో చూడడం సాధ్యమయింది.

ఇది చదివి, యంత్రం లేనిదే వ్యాధి తెలియదా, మన శాస్త్రం ఏమైంది అని కొందరు నా తోటి వైద్యులు నొచ్చుకోవచ్చును. సుశ్రుతుడు శరీరం లోపలిది తెలుసుకోవడానికి శవాన్ని పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, పొర పొరగా తొలగించి, కంటితో చూడమన్నాడు. అవకాశం ఉండి చూడకపోవడమే శాస్త్రానికి విరుద్ధమని నా అభిప్రాయం.

శస్త్రచికిత్స చేసేది, చేయనిది

అక్కకు బెంగుళూరులోనే తల వెనుక భాగాన శస్త్రచికిత్స జరిగింది. పుర్రె అడుగు ఎముకను కొంత తొలగించి, మెదడు పైపొరను విప్పి వెడల్పు చేసి, చిక్కుకున్న చోటును వదులు చేశారు. ద్రవానికి దారి దొరికితే గుల్ల క్రమంగా కుంచించుకొని పోతుంది. శస్త్రచికిత్సకు ముందురోజు అక్క నన్ను ఒక్కటే అడిగింది: “చేయి మళ్ళీ వస్తుందా రా?” పెద్ద డాక్టరుగారు నాకు చెప్పినదే ఆమెకు చెప్పాను. ఉన్నది పోకుండా నిలపడమే మొదటి ఉద్దేశం, పోయినది తిరిగి రావడం మన చేతిలో లేదు అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “రెండేండ్ల ముందు వచ్చి ఉంటే?” అన్నది తరువాత. నేను జవాబు చెప్పలేదు.

దగ్గినప్పుడు వచ్చే తలనొప్పి నెలలోపల పోయింది. ఆరు నెలల తరువాత తీసిన చిత్రంలో గుల్ల సగానికి పైగా తగ్గింది. నడక చక్కగా ఉన్నది. బొటనవ్రేలి కండ తిరిగి రాలేదు. భుజాల మంట అప్పుడప్పుడూ ఉన్నది. వేడి ఈనాటికీ తెలియదు.

అందరికీ శస్త్రచికిత్స అవసరం కాదని కూడా చెప్పాలి. వేరే పనికి తీసిన చిత్రంలో చిన్న గుల్ల కనిపించి, ఏ బాధా లేనివారిని వైద్యులు సంవత్సరానికొకసారి పరీక్షిస్తూ ఊరక గమనిస్తారు. చేతి బలం తగ్గుతున్నా, నడక మారుతున్నా మాత్రం జాగు చేయరాదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వారికి బెంగుళూరు రైలు ప్రయాణంలో కొద్ది గంటల దూరం. అక్కడ నిమ్‌హాన్స్ ఉన్నది. వైట్‌ఫీల్డులో 2001లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో మెదడు, వెన్నుపాము శస్త్రచికిత్సలు ఉచితంగా చేస్తారు. హైదరాబాదువైపు వారికి నిమ్స్ ఉన్నది. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోకుండా, ప్రభుత్వ వైద్య సేవా పథకం తమకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటనే అడగడం మంచిది.

ఇంట్లో పాటించవలసినవి

ఈ గుల్లను కరిగించే మూలిక గాని, తైలం గాని, పథ్యం గాని నాకు తెలిసి లేదు. ఉన్నదని చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. అయినా వంటింటికీ, ఇంటి వైద్యానికీ ఇందులో చేయగల పని చాలా ఉన్నది. మా అక్క ఇంట్లో నేను అమలు చేయించినవే చెబుతాను.

మొదటిది మలబద్ధకం. ముక్కడం వలన వెన్నులోని ద్రవానికి ఒత్తిడి పెరుగుతుంది. ఇటువంటి రోగికి సాఫీగా విరేచనం కావడం సుఖం కోసం కాదు, రక్షణ కోసం. రాత్రి పడుకునేముందు అరచెంచా నుండి చెంచా వరకు త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో ఇస్తున్నాను. ఆకుకూరలు, జామ, బొప్పాయి, చాలినంత నీరు. ఇసబ్‌గోల్ కూడా మంచిదే, నీరు ఎక్కువ త్రాగితేనే.

రెండవది దగ్గు. మామూలు జలుబు దగ్గును వారాల తరబడి సాగనివ్వరాదు. తులసి, మిరియాలు, శొంఠి కలిపిన కషాయం, కొంచెం తేనె మొదటిరోజే మొదలుపెట్టాలి. మూడు నాలుగు రోజులలో తగ్గకపోతే వైద్యునికి చూపాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష తప్పనిసరి.

మూడవది నా తప్పు నుండి నేర్చినది. వేడి తెలియని అంగానికి కాపడం పెట్టరాదు. ఉప్పుమూట, ఇసుకమూట, వేడినీళ్ళ సంచి, ఆవిరి, పొగ ఏదైనా సరే. వృద్ధులకు, మధుమేహంతో పాదాలు మొద్దుబారిన వారికి కూడా ఇది వర్తిస్తుంది. కాపడం పెట్టే ప్రతి ఇంటివారూ ముందుగా ఆ చోట చల్లన, వెచ్చన తెలుస్తున్నదో లేదో చూచుకోవాలి. ‘వేడి ఎక్కువయిందా?’ అని రోగిని అడిగితే చాలదు.

మెడ విరిపించుకోవడం కూడా మానుకోవాలి. క్షౌరం అయ్యాక ఊరికే తల పట్టుకొని టక్కున తిప్పే అలవాటు మన ఊళ్ళలో ఉన్నది. ఎవరి మెడలో ఏమున్నదో పైకి కనిపించదు. కియారీ లోపం ఉన్నవారు శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, వేగంగా చేసే కపాలభాతి చేయరాదు. నీళ్ళ బిందెలు, గ్యాసు సిలిండరు, మూటలు ఎత్తరాదు. నిదానమైన నడక, కూర్చొని చేసే నెమ్మదైన శ్వాస మంచివి.

ఇక చేతుల రక్షణ. పొయ్యి మీది గిన్నెను పట్టకారుతోగాని మందమైన మసిగుడ్డతోగాని తప్ప పట్టుకోరాదు. కూరగాయలు తరిగేటప్పుడు కత్తిపీట వైపు చూపు ఉండాలి, టీవీ వైపు కాదు. ప్రతి రాత్రి దీపం వెలుగులో రెండు చేతులనూ త్రిప్పి చూచుకొని, గీత, బొబ్బ, ముల్లు ఉన్నాయేమో వెదకాలి. నొప్పి మనకు కాపలాదారు. కాపలాదారు లేని ఇంట్లో కన్నే ఆ పని చేయాలి. తరువాత కొద్దిగా కొబ్బరినూనె గాని ఆవునెయ్యి గాని రాస్తే చర్మం పగలదు. చిన్న పుండయినా మంచినీటితో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఎర్రబారితే ఆసుపత్రికి పోవాలి.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చునా అని అడుగుతారు. రెండు స్టీలు లోటాలు తీసుకోండి. ఒకదానిలో కుండలోని చల్లని నీరు, రెండవదానిలో పసిబిడ్డకు స్నానం చేయించేంత గోరువెచ్చని నీరు. అంతకు మించి వేడి వద్దు. కండ్లు మూయించి, లోటాల అడుగును మార్చి మార్చి అరచేతికి, ముంజేతికి, భుజానికి ఆనించి ఏది చల్లనో చెప్పమనండి. తరువాత దూది తగిలించి చూడండి. దూది తెలిసి, చల్లన వెచ్చన తెలియకపోతే నరాల వైద్యుని వద్దకు వెళ్ళండి. ఇది వ్యాధి నిర్ణయం కాదు, వెళ్ళవలసిన దారి మాత్రమే.

తిమ్మిరి ఉన్న ప్రతివారూ భయపడనక్కరలేదు. అక్క సంగతి తరువాత నాకు కొన్నాళ్ళు ప్రతి చేతిలోనూ ఇదే కనిపించింది. ధర్మవరం నుండి వచ్చిన ఒక నేతగాని చేయి సన్నబడి ఉండడం చూసి, ఆందోళనతో ఆ రోజే బెంగుళూరుకు పంపాను. మగ్గం అంచుకు మోచేయి ఆనించి ఏండ్ల తరబడి పనిచేయడంవల్ల అక్కడి నరం నలిగిందని తేలింది. “సామీ, మోచేతి కింద మెత్త పెట్టుకోమన్నారు, దీనికి ఇంత దూరం పంపిస్తివే!” అని నవ్వుతూ వచ్చి చెప్పాడు. మధుమేహం, బి12 లోపం, మెడ ఎముకల అరుగుదల, మణికట్టు నరం నలగడం, కుష్ఠం ఇవన్నీ తిమ్మిరికి ఎక్కువగా కనిపించే కారణాలు. ఆ బెంగుళూరు ప్రయాణపు ఖర్చుకు నేను చింతించడం లేదు.

అక్కకు ఇప్పుడు యాభై దాటింది. మేనకోడలికి 2013లో పెండ్లి అయింది. నిజం చెప్పి, చిత్రం చూపించి, అడిగినవాటికి జవాబు చెప్పి చేసిన సంబంధం. ఆ ముహూర్తం ముందురోజున అత్తగారు వేరే గూటిలోని పళ్ళెం, లోటా తామే తీసి కడిగి, అందరి పళ్ళేలతో కలిపి బోర్లించారు. దానిని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

కార్ఖానాలో అక్క తొట్టి వద్ద కూర్చోవడం మానింది. గూళ్ళు తూకం వేయించడం, లెక్కలు వ్రాయడం ఆమె పని. ముద్దలు ఇప్పుడు బావగారు చేస్తున్నారు. మొదట్లో ఒకటి కూడా గుండ్రంగా వచ్చేది కాదట. అక్క స్నానానికి బకెట్లో నీళ్ళు తోడగానే ఆయనే వచ్చి ముందుగా చేయి పెట్టి చూస్తారు. “సరిపోయింది, పోసుకో” అన్న తరువాతనే ఆమె చెంబు ముంచుతుంది.